మొగిలమ్మ నాలుక మీది మన్ను

హన్మకొండ,
1947 ఫిబ్రవరి 13.

మానసిక దవాఖాన సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రోగులకు బొమ్మల పోత నేర్పే తరగతిని తిరిగి తెరిపించుట, స్త్రీల వార్డులోని మొగిలమ్మ చేతుల కట్లు విప్పించుట గురించి.

1. నా తండ్రి, మిషన్ బడి హెడ్మాస్టరు కృపానందం గారు, తమరికి ఉత్తరం రాసినట్టు నాకు నిన్ననే తెలిసింది. మద్రాసు చదువు వల్ల నా నరాలు బలహీనపడినాయనీ, మన్ను పిసకడం అందుకు గుర్తనీ, నన్ను పనిలోంచి తీసేసి ఇంటికి పంపమనీ అందులో ఉన్నదట. మా మేనత్త దీనమ్మ అంత మర్యాదగా చెప్పలేదు. "పిచ్చోళ్లకు నేర్పబోయి పిచ్చిదైంది పోరి. దాని గోళ్లల్ల మన్ను సూడుండ్రి" అన్నది. గోళ్లలో మన్ను ఉన్నది నిజమే. నరాలు బాగున్నవి. ఆరు నెలల కిందట తమరే అప్పగించిన తరగతికి, ఆ ఉత్తరం పట్టుకొని తాళం వేయించడం ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియజేయగలరు.

2. తమరు చూపిన రెండవ కారణం, తరగతిలో మొగిలమ్మ మన్ను తింటున్నదని. ఆమె కేసు కాగితంలో "మట్టి తినును" అని మూడేండ్లుగా రాస్తున్నారు. ఎందుకని ఒక్కరూ ఆమెను అడగలేదు. నేను అడిగినాను.

"తినుడేంది బిడ్డా, జర నాలిక మీదేసి సూస్త. పండ్ల కింద కరకర అంటే ఇసుకున్నట్టు. గా మన్ను కాల్చంగనే పగుల్తది. కుమ్మరింట్ల పుట్టిన, గిది గూడ తెల్వదా నాకు?"

చూసి ఉమ్మేస్తుంది. ఉమ్మిన సంగతి ఎవరూ రాయలేదు.

3. మా పోతలో మైనపు బొమ్మ మీద మన్ను మెత్తి కాలుస్తాము; మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తాము. మిగతావాళ్లు మెత్తిన మన్ను కాల్చగానే బీటలు వారింది. మొగిలమ్మ ఏరి కలిపిన మన్నుతో చేసిన పదకొండు అచ్చులూ నిలిచినవి. ఇత్తడి పోసే వెంకటయ్య, "అక్కా, నువ్వుంటే నాకు తిట్టుకునే పని తప్పింది" అన్నాడు. ఆనాడు ఆమె రెండు పూటలా అన్నం తిన్నది, మందు లేకుండా నిద్రపోయింది. నర్సు రిజిస్టరులో ఉన్నది, చూడవచ్చు.

4. ఆ వెంకటయ్య కూడా మన్ను నాలుక మీద వేసుకొని చూసినాకనే పని మొదలుపెడతాడు. తమరు కళ్లారా చూసినారు. ఆయనకు చాయ్ తెప్పించినారు. మొగిలమ్మ చేతులు మంచానికి కట్టించినారు. నేటికి నాలుగు రోజులు. ఇందులో రోగం ఎవరిదో నాకు అర్థం కాలేదు.

5. వచ్చే మంగళవారం ఆమెను నయం కానివాళ్ల వార్డుకు మారుస్తారట. అక్కడినుండి ఇంటికి పోయిన మనిషి ఒక్కరి పేరు చెప్పమంటే, కాంపౌండరు సారంగపాణి గోడ దిక్కు చూసినాడు.

కావున పై సంగతులు చిత్తగించి, కట్లు ఈరోజే విప్పించవలెను. విచారణ తర్వాత చేసుకోవచ్చును.

తమ విధేయురాలు,
కె. లిదియా, బి.ఏ.

తా.క.: విడుదలకు బంధువు సంతకం కావాలని తమ నిబంధన. ఆమె బంధువులు మూడేండ్లుగా ఈ గడప తొక్కలేదు. ఖిలా వరంగల్‌లో వెంకటయ్య కొలిమి పక్కన ఒక గది మాట్లాడినాను. ఆమెను అడిగితే వస్తనన్నది. సోమవారం పొద్దున పది గంటలకు వస్తాను. 'సంబంధం' అనే గడిలో 'కూతురు' అని రాస్తాను. అది అబద్ధమని తమరికీ తెలుసు. సంతకం పెట్టి ఆమెను తీసుకుపోతాను.