సాల్ట్ తీసేశాక

వదినా,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. మాటలు మానేసింది నువ్వే కాబట్టి దీన్ని నీ భోజనం డబ్బా సంచిలో పెడుతున్నాను.

పరీక్షకు పంపేది ఒక్క అణువునే అని మేడమ్ అనేసరికి, నాది మేలంటే నాది మేలని ల్యాబ్‌లో అందరి ముందూ పోట్లాడుకున్నాం కదా. నువ్వు వలయం దగ్గర మొదలుపెట్టి గీశావు, నేను తోక దగ్గర నుంచి. ఎటు నుంచి గీసినా, అణువు ఒకటే అయితే ఒకే అక్షరాల వరుసగా రాసిచ్చే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌కి నిన్న రెండింటినీ ఇచ్చాను. వేర్వేరు వరుసలొచ్చాయి. నాది నీ అణువు కాదని తేలిందని కుర్చీలోనే గంతులేశాను.

తీరా చూస్తే నీ వరుస చివర ఒక క్లోరైడ్ ఉంది. సీసాలోని పొడిలో ఉన్నట్టే, జతగా ఉండే ఆ క్లోరైడ్ సాల్ట్‌తో సహా నువ్వు గీశావు, నేను అది లేకుండా గీశాను. ఆ సాల్ట్ తీసేయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను. అయినా కలవలేదు! సాఫ్ట్‌వేర్‌ని నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి దాని సహాయం పేజీ చదివాను. సాల్ట్ పోయినా అణువు మీద ప్లస్ చార్జి మిగిలిపోతుందట, దాన్నీ సరిచేయాలట. చేశాను. అక్షరం తేడా లేకుండా రెండూ ఒకటే!

మేడమ్‌కి ఇద్దరి పేర్లతో పంపేశాను. సాయంత్రం నా కోసం గేటు దగ్గర ఆగు, కలిసే వద్దాం.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. అన్నయ్యకి మాత్రం చెప్పకు. "మీరిద్దరూ అచ్చం ఒకటే, మొదలుపెట్టే చోటే వేరు" అని మీ పెళ్ళైన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా తన వైపే ఉందని తెలిస్తే, ఇక మనల్ని ఇంట్లో బతకనివ్వడు.

నీ ఆడపడుచు