చెల్లెలు అంగడి మూసెయ్యాలంట!

మంగళవారం, పలమనేరు

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. నేను పిల్లల కోసం రాసిన నవల చదివి ప్రచురణకర్త సాయంత్రం ఫోన్ చేశాడు. కథ బాగుందట. బస్టాండులో అన్న మామిడికాయ ముక్కలు, చెల్లెలు మజ్జిగ పోటాపోటీగా అమ్మడం ఇంకా బాగుందట. కానీ చివర్లో చెల్లెలు గెలవకూడదట.

"అంగడి మూసేసి అన్నకు సాయంగా పోయినట్టు రాయండి మేడం. పిల్లలకు నీతి ఉంటుంది" అన్నాడు.

గెలిచిన పిల్లను ఓడించడం ఏం నీతి? అదే అడిగితే, ఆలోచించుకోండి అని పెట్టేశాడు.

ఆ కథలోని అన్నాచెల్లెళ్ళం నేనూ, మా అన్నే. నాకంటే ఎక్కువ కోప్పడతాడనుకుని చిత్తూరులో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. అన్న పకపకా నవ్వాడు.

"అట్లే కదమ్మే జరిగింది! నువ్వే అంగడి మూసేసి నా కాడికి వచ్చినావు."

"నేను రాలేదన్నా. ఆడపిల్లకు యాపారమేందని అరిసి, నాయనే నా బల్ల ఎత్తుకొచ్చి నీ పక్కన ఏసినాడు. మర్సిపోయినావా?"

అన్న నవ్వు ఆపేశాడు. తర్వాత, "సరేలే, పుస్తకంలో నువ్వే గెల్సుకో" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

దానమేమిటి? నాయన వచ్చేసరికి నా కుండలో చుక్క మజ్జిగ లేదు. అన్న పళ్ళెంలో సగం ముక్కల మీద ఈగలు ముసురుతున్నాయి.

ముగింపులో ఒక్క అక్షరం కూడా మార్చను. కావాలంటే ఇంకో ప్రచురణకర్తను వెతుక్కుంటాను. కానీ ఇన్నేళ్ళూ నేను ఇష్టపడే వచ్చానని అన్న అనుకున్నాడంటే, నాయన కూడా తాను చేసింది మర్చిపోయి అలాగే అనుకుంటూ కన్నుమూశాడేమో...