ఎర్ర దీపం స్విచ్చు

చిరంజీవి సౌభాగ్యవతి ప్రవీణకు మీ నాయిన మొగిలి దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ అమ్మ తింటున్నాం, తిరుగుతున్నాం. జహీరాబాద్‌లో మీరు ముగ్గురూ బాగుంటే మాకు అదే చాలు. నా అక్షరాలు పెద్దగా, వంకరగా ఉంటాయి. నిదానంగా చదువుకో. ఫోన్‌లో మాట్లాడదామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. నువ్వొకటి అంటే నేనింకొకటి విని అరుస్తాను. అందుకే నువ్వు అల్లుడి చేతికి ఉత్తరం ఇచ్చి పంపావు, నేనూ అతని చేతికే ఇస్తాను. దినేశ్ భోంచేసి చాప మీద నడుం వాల్చాడు. అతను లేచి బస్సుకు పోయేలోపు ఇది పూర్తి చేయాలి.

మీ అమ్మ మోకాలు ఎట్లుందని అడిగావు. దవాఖానలో నూనె ఇచ్చారు. రాసుకోమంటే రాసుకోదు, వాసనంటుంది. చందానగర్ మార్కెట్‌కు మాత్రం నడిచే పోతుంది, కూరగాయల వాళ్లతో కొట్లాడి వస్తుంది. కాబట్టి బాగానే ఉన్నట్టు లెక్క. నా మనవరాలు పింకీ టార్చి వెలుగుతోంది, లోపల తీగ తెగింది అంతే. అల్లుడి సంచిలో పెట్టాను. మళ్లీ నీళ్లలో ముంచొద్దని చెప్పు.

క్యాబ్ డ్యూటీకి నువ్వు నడిపిన కారు ఏమైందని అడగలేదు. అడగవని తెలుసు. నా దగ్గర మెకానిక్ పని నేర్చుకున్న జోయెల్ షెడ్డు వెనకాల నిలబడి ఉంది. ఇంజను పోయింది కానీ డోర్లు, సీట్లు బాగున్నాయని తుక్కు వాళ్లు వచ్చి చూసిపోయారు.

ఇక నీ ఉత్తరంలో ఆఖరి మాట. “బడి వాళ్లు వ్యాను నడపమంటున్నరు, సోమవారం చెప్పాలె. ఆ రోజు ఫ్యాను స్విచ్చు ఏసే ఉన్నదని నాకు గట్టిగ యాదికున్నది నాయినా. కానీ లేదని తేలింది కద. నా బుర్రనే నాకు అబద్ధం చెప్తే పిల్లలను ఎట్ల ఎక్కించుకుంట?” అని రాశావు.

ముందు నుంచి చెప్తాను, విను.

ఎండాకాలం మొదట్లో బండి వేడెక్కుతోందని నువ్వు వచ్చి చెప్పావు. నేను బానెట్ లేపి చూశాను. రేడియేటర్ ఫ్యాను మంచిదే. ఇంజను కాగిందని ఫ్యానుకు చెప్పే సెన్సార్ చచ్చిపోయింది. “కొత్త సెన్సార్ ఏయిద్దాం నాయినా” అన్నావు నువ్వు.

“సెన్సార్ ఎందుకే? మీ నాయినకంటే పెద్ద సెన్సార్ ఉంటదా?” అన్నాను.

“నువ్వు నాతోని డ్యూటీకి రావు కద!” అని నవ్వావు.

నేను వినలేదు. బ్యాటరీ నుంచి ఫ్యానుకు తీగ లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, స్టీరింగు పక్కన రంధ్రం చేసి ఎర్ర దీపమున్న స్విచ్చు బిగించాను. వేస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. నా కాలంలో ఎన్ని బండ్లకు అట్లా చేశానో. తాళంచెవి తీస్తే ఫ్యాను కూడా ఆగేటట్టు కలపమని నువ్వు అడిగావు. అది కూడా వినలేదు. “దిగేటప్పుడు బంద్ చెయ్యి, ఎక్కినప్పుడు ఎయ్యి. చెయ్యి లేదా నీకు?” అన్నాను.

ఒకసారి నువ్వు బంద్ చేయడం మరిచావు, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. వాడంతా వినేటట్టు తిట్టాను. అప్పటి నుంచి నువ్వు నీ పద్ధతి పెట్టుకున్నావు. పొద్దున స్విచ్చు వేస్తే మధ్యలో ముట్టుకోవు, డ్యూటీ అయి ఇంటికొచ్చాక తీస్తావు. మధ్యలో బండి ఆపినా ఫ్యాను తిరిగితే ఇంజను చల్లబడుతుందని నీ ఆలోచన. మంచి ఆలోచనే. నేను నా పద్ధతి పెట్టుకున్నాను. ఆగిన బండిలో ఎర్ర దీపం కనపడితే నాకు పడదు. ఒక స్విచ్చుకు రెండు పద్ధతులు. ఒకరిది ఒకరికి చెప్పుకోలేదు.

ఆ రోజు మొదటి ట్రిప్పు దించి నువ్వు ఉప్మా తినడానికి ఇంటికి వచ్చావు. బండి గోడ నీడన పెట్టావు. నేను బీడీ కోసం బయటికి వచ్చాను. అద్దం దించి ఉంది. లోపల దీపం ఎర్రగా వెలుగుతోంది. ‘మళ్లీ మరిచింది, మళ్లీ బ్యాటరీ తింటది’ అనుకుని, చెయ్యి లోపలికి పెట్టి స్విచ్చు తీసేశాను. నీకు చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. ఇంతలో గల్లీ చివర పాలవాడు పిలిస్తే అటు పోయాను. నేను తిరిగి వచ్చేసరికి నువ్వు లేవు. నిజాంపేట హాస్టల్ నుంచి ఆఫీసుకు పోయే పిల్లలు ఫోన్ చేసి ఉంటారు.

నడిపేటప్పుడు ఎండలో ఆ దీపం వెలిగిందో లేదో నీకు కనపడదు. ఆ జాగా ఎంచింది కూడా నేనే.

ఆ తర్వాత నీకు తెలిసిందే. హైటెక్ సిటీ జాములో బండి నిలబడి నిలబడి ఉడికింది. ఆవిరి లేచింది. పిల్లలు బ్యాగులు పట్టుకుని రోడ్డు మీదికి దిగారు. జోయెల్ బండిని లాక్కొచ్చి ఇంజను హెడ్ విప్పి, ఇది ఇక లేవదని చెప్పాడు. నేను వచ్చి ముందు స్విచ్చు చూశాను. తీసే ఉంది. ఎవరు తీశారో అప్పుడే గుర్తొచ్చింది, ప్రవీణా. తర్వాత గుర్తొచ్చిందని రాస్తే నాకు తేలిక. కానీ అప్పుడే గుర్తొచ్చింది.

షెడ్డులో అందరూ నా మొహం చూస్తున్నారు. అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్లే. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటి? “స్విచ్చు ఎయ్యలే కద నువ్వు? ఆడపిల్లకు బండి ఇచ్చుడు నాది బుద్ధి తక్కువ!”

నువ్వు “ఏసే ఉన్నది నాయినా” అన్నావు. నేను మళ్లీ అరిచాను. అప్పుడు “ఏసిననేమో... ఏమో నాయినా” అన్నావు. ఆ ‘ఏమో’ నా చెవిటి చెవులకు కూడా వినబడింది. నీ చేత ఆ మాట అనిపించింది నేను. దాన్ని వెంటేసుకునే నువ్వు ఈ ఊరు విడిచి జహీరాబాద్ పోయావు. క్యాబ్ కంపెనీ వాళ్లు మళ్లీ పిలిచినా పోలేదు.

నిన్న దినేశ్ తెచ్చిన నీ ఉత్తరం చదివి మీ అమ్మకు చెప్పాను. ఆమె తిట్టలేదు. “నువ్వు ఆ పిల్ల మొహం ఎట్ల చూసినవయ్యా?” అని లోపలికి పోయింది. పొద్దున జోయెల్ షెడ్డుకు పోయాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. టీ తాగుతున్న వాళ్లందరి ముందు, స్విచ్చు తీసింది నేనే, పిల్ల తప్పు లేదు అని చెప్పాను. జోయెల్ గ్లాసు కింద పెట్టి, “అక్కకు చెప్పినవా ఉస్తాద్?” అన్నాడు.

“ఇంకా లేదు.”

“మరి మాకు చెప్పి ఏం లాభం?”

వాడిని కొట్టాలనిపించింది. ఇంటికొచ్చి కాగితం వెతికాను.

నీ బుర్ర అబద్ధం చెప్పలేదు బిడ్డా. స్విచ్చు వేసే ఉంది. నీకు గుర్తున్నది గుర్తున్నట్టే జరిగింది. నీ చెయ్యి మంచిది. నేనంత బాగా ఎప్పుడూ నడపలేదు. ఈ మాట కూడా నీకు ఎన్నడూ చెప్పలేదు.

తప్పయిందని నేను ఎవరికీ రాసి ఎరుగను. ఇప్పుడు రాస్తున్నాను. తప్పయింది. నువ్వు కోపం చేస్తే చెయ్యి, పండక్కి రాకపోతే రాకు, కానీ సోమవారం ఆ బడి వాళ్లకు వస్తానని చెప్పు. దినేశ్‌కు ఈ ఉత్తరం చదివి వినిపించు. మీ ఇంట్లో కూడా నీ మీద ఆ మాట ఉండకూడదు.

ఆ వ్యానుకు ఎప్పుడన్నా సెన్సార్ పోతే కొత్తది వేయించు. నన్ను అడగకు. అడిగినా వినకు.

అల్లుడు లేచాడు, చెప్పులు వేసుకుంటున్నాడు. ఉంటాను.

ఇట్లు,
ఆ రోజు స్విచ్చు తీసిన
మీ నాయిన