ఎనిమిది బోల్టుల మీద పసుపు గీత

ఏప్రిల్ 6, ఆదివారం

పందెం కుదిరింది.

బెవ్ భోజనం దగ్గరే మొదలుపెట్టింది. పాలసీసా ఓవెన్‌లో దొరికింది నాన్నా, పోయిన వారం దిగాల్సిన స్టాప్ వదిలేసి లీడ్స్ దాకా పోయావు, ఇంకా ఆ షెడ్డూ, ఆ గ్రైండర్లూ నీకెందుకు, అమ్మేద్దాం అంది. పాలసీసా సంగతి నిజమే. లీడ్స్ మాత్రం నిద్రపట్టి వెళ్ళాను. నిద్ర ఎవరికైనా పడుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్ డిపోలో ఫిట్టర్‌ని. స్కూల్ క్యాంటీన్‌లో పులుసు కలిపే కూతురు నాకు చెప్పేదేమిటని అరిచాను. అరవకుండా ఉండాల్సింది. యార్క్‌షైర్ పుడ్డింగ్ బాగా పొంగింది, ఆ సంగతి కూడా చెప్పలేదు.

చివరికి రాజీ. పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన కిట్ కారు రెండేళ్ళుగా షెడ్డులో ఉంది కదా, ఇంజన్ తప్ప అన్నీ బిగించాను. నెలాఖరులోగా ఇంజన్ ఎక్కించి, కారు దాని కాళ్ళ మీద అది షెడ్డు గుమ్మం దాటితే షెడ్డు తాళంచెవి నాది. నా పనిలో ఒక్క తప్పు దొరికినా తాళంచెవి బెవ్‌ది, షెడ్డు ఖాళీ.

చేతులు కలుపుకున్నాం. దాని చెయ్యి వాళ్ళమ్మ చెయ్యిలాగే గట్టిది.

ఏప్రిల్ 9, బుధవారం

క్లచ్ పెట్టాను. పాత ఎస్కార్ట్ కారు నుంచి తీసిన ఇంజన్, క్లచ్ ప్లేటు మాత్రం కొత్తది. స్ప్రింగులు ఉబ్బిన వైపు ఇంజన్‌కి, చదును వైపు గేర్‌బాక్స్‌కి. ప్లేటు మీద ఏదో అచ్చు వేసి ఉంది. కళ్ళద్దాలు ఇంట్లో ఉండిపోయాయి. చదవాల్సిన పనేముంది, వెయ్యి క్లచ్‌లు పెట్టిన చెయ్యి.

బెవ్ టీ తెచ్చింది. ప్లేటు ఇంజన్‌కి ఆనించి పట్టుకుని నవ్వు నాన్నా అని ఫోన్‌లో ఫోటో తీసింది. నవ్వాను.

తర్వాత గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి జత చేసి బోల్టులు బిగించాను. ఒక్కొక్కటీ బిగించాక దాని తల మీంచి పక్క లోహం మీదికి పసుపు రంగుతో ఒక గీత. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. డిపోలో ఒక్కో ఫిట్టర్‌కి ఒక్కో రంగు. ఎవరి రంగు ఉంటే ఆ పనికి వాళ్ళే పూచీ. పసుపు నాది. డబ్బా అడుగున ఇంకా కాస్త ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎక్కింది!

పక్కింటి ఆల్విన్ తెలిసినవాళ్ళ దగ్గర ఇంజన్ క్రేన్ తెచ్చాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్, నోట్లో నువ్వుగింజ నానదు. కిట్‌తో వచ్చిన పుస్తకం తెరిచి ముక్కు తగ్గించండి, తోక ఎత్తండి అని పైకి చదవడం మొదలుపెట్టాడు. తాతకి దగ్గు నేర్పకురా అన్నాను. నీ దగ్గు నాకు తెలుసులే ముసలోడా, ఇంజన్ నా కాలి మీద పడకుండా చూడు చాలు అన్నాడు.

నేను కారు కింద పడుకుని గేర్‌బాక్స్ తోక పట్టుకున్నాను. పైన ఆల్విన్ గొలుసు వదులుతున్నాడు. ఒక చోట ఇరుక్కుంది. నెత్తిన అంత బరువు వేలాడుతుంటే ఒక్క క్షణం నేనెక్కడున్నానో తెలియలేదు. డిపోలో ఉన్నాననుకున్నాను. ఫ్రాంక్, కాస్త ఎడమకి అన్నాను. డిపోలో నాతో పనిచేసిన ఫ్రాంక్ పోయి పదకొండేళ్ళు. ఆల్విన్ ఎడమకి జరిపాడు. ఇంజన్ దాని చోట్లో కూర్చుంది.

గేర్‌బాక్స్ దగ్గర ఆరు, ఇంజన్‌ని కారు చట్రానికి పట్టే మౌంట్ల దగ్గర రెండు. ఎనిమిది పసుపు గీతలు. బెవ్ చప్పట్లు కొట్టింది. పందెం ఓడిపోతున్నా కొట్టింది, పిచ్చిది.

ఏప్రిల్ 14

నడుం. రోజంతా నడుమే.

ఏప్రిల్ 17, గురువారం

బెవ్ వంటింట్లో ఒక చేత్తో ఫోన్, రెండో చేత్తో ఆల్విన్ చదివిన పుస్తకం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏమిటంటే ఏమీ లేదంది. తర్వాత, ఈస్టర్‌కి స్కార్‌బరోలో ఈడీ అత్త దగ్గరికి వెళ్ళు నాన్నా, ఆమె నిన్ను చూసి ఎన్నాళ్ళయింది అంది. మా అక్క మొహం చూడకుండా నాకు బాగానే జరుగుతోంది. కానీ టికెట్ ముందే కొనేసింది.

ఏప్రిల్ 22, మంగళవారం

వచ్చాను. నాలుగు రోజులూ ఈడీ అక్క నా చొక్కా బొత్తాల గురించే మాట్లాడింది.

బెవ్ బొటనవేలికి ప్లాస్టర్. క్యారెట్ తరుగుతుంటే తెగిందట. ఆల్విన్ కంచె అవతల నుంచి చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆల్విన్! మాట్లాడకుండా! ఒంట్లో బాగాలేదేమో.

ఏప్రిల్ 23, ఉదయం 7

గీతలు విరిగాయి. ఎనిమిదీ.

బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. పానా వేసి చూశాను, ఒక్కటీ కదల్లేదు. కానీ తల మీది గీత ఒకచోట, లోహం మీది గీత ఒకచోట. ఎవరో ఇంజన్ కిందికి దింపి, విప్పి, మళ్ళీ ఎక్కించారు.

దొంగలైతే తిరిగి బిగించరు.

సాయంత్రం 4

ఈ డైరీ తిరగేశాను. తొమ్మిదో తారీఖు. నా దస్తూరీయే. ఉబ్బు వైపు ఇంజన్‌కి.

ఉబ్బు గేర్‌బాక్స్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే పెడల్ ఎంత తొక్కినా క్లచ్ వదలదు, గేరు పడదు. పదహారేళ్ళ అప్రెంటిస్‌కి తెలుసు ఇది. తిరగేసి పెట్టినవాణ్ణి డిపోలో నెల రోజులు ఏడిపించేవాళ్ళం. ఏడిపించినవాళ్ళలో నేనే ముందు.

ఫోటోలో ప్లేటు తిరగేసి పట్టుకుని నవ్వుతున్నది నేనే. దాన్ని చూసే బెవ్ కనిపెట్టి ఉంటుంది.

సిగ్గేసింది. షెడ్డులో తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని ఏడ్చాను, రాయడానికేం. ఒక్క మాట అంటే పందెం తనదే. అనలేదు. నన్ను అక్క దగ్గరికి తోలి, వేలు తెగ్గోసుకుని, నా తప్పు సరిచేసి నన్నే గెలిపిస్తోంది. నలభై ఆరేళ్ళలో దానికి పానా పట్టుకోవడం నేను నేర్పలేదు. ఆడపిల్ల కదా అనుకున్నాను. పసుపు గీత అంటే ఏమిటో కూడా చెప్పలేదు, లేకపోతే దొరికేది కాదు.

ఏప్రిల్ 24

ఏమీ రాయను.

ఏప్రిల్ 26, శనివారం

రేడియేటర్ గొట్టాలు, వైర్లు, క్లచ్ కేబుల్. ప్రతి ముక్కా కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. బజారుకి వెళ్ళి చిన్న రంగు డబ్బా ఒకటి కొన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇంజన్ మూడోసారికి అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. ఆల్విన్ టోపీ గాల్లోకి విసిరాడు. క్లచ్ తొక్కాను, వెన్నలా వదిలింది, మొదటి గేరు పడింది. గుమ్మం దాటి వానలోకి వచ్చాం, నేనూ నా కారూ.

గెలిచావు నాన్నా, తాళంచెవి నీదే అంది బెవ్. కళ్ళల్లో నీళ్ళు.

ఊరుకుంటే అయిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను. ఇంజన్ ఆపి, ఈ క్లచ్ బిగించినవాళ్ళెవరో పనిమంతులే అన్నాను. ఆల్విన్ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. జేబులోంచి డబ్బా తీసి బెవ్ చేతిలో పెట్టాను. నీలం. మా డిపోలో నీలం ఎవరికీ ఉండేది కాదు. బోల్టు ఎవరు బిగిస్తే వాళ్ళ రంగే వెయ్యాలమ్మా, నా రంగు అక్కడ ఉండకూడదు అన్నాను.

బెవ్ డబ్బా మూత తిప్పి చూసింది. తర్వాత, ఎప్పుడు తెలిసింది అని అడిగింది. బుధవారం అన్నాను. పందెం ప్రకారం షెడ్డు నీది అని తాళంచెవి కూడా ఇవ్వబోయాను. తీసుకోలేదు. ముందు గీత ఎలా గియ్యాలో చూపించు, ముసలి మొండీ అంది.

థిన్నర్‌తో పసుపు తుడిచాను. అది గీసింది. మొదటి రెండూ వంకర.

ఏప్రిల్ 29

షెడ్డుకి మారు తాళంచెవి చేయించాను. దాని తల మీద నీలం చుక్క.