బఠాణీ గింజంత మందు

సుచిత్రా, రేపు బంద్ అని సేటు ఇయ్యాల దుకాణానికి జల్ది రమ్మన్నడు. నిన్ను లేపబుద్ధి కాలే. మొటిమల మందు మళ్ల మొదలువెట్టుమని డాక్టరమ్మ చెప్పింది. రాత్రి ముఖం కడుక్కొని, తడి మొత్తం ఆరినంక, బఠాణీ గింజంత తీసుకొని ముఖమంత పల్చగ రాయి. కండ్లకు, పెదవులకు తాకనియ్యకు. దాని మీద పసుపు, నిమ్మరసం ఏదీ పెట్టకు. పగలు ఎండల స్కార్ఫ్ కట్టుకో. మంట ఎక్కువైతే ఆపేసి డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి.

పోయిన నెల జరిగిన తప్పు నాదే బిడ్డా. పోచంపల్లిల నేత పనిల ఉన్నప్పుడు నూలును రంగుల మూడుసార్లు ముంచితేనే పట్టేది. మందు గూడ అట్లనే అనుకొని నీకు మూడు పూతలు పూసిన. ముఖం మండి తోలు ఊడింది. గీ ముఖంతోని నాయినను చూడ దవాఖానకు ఎట్ల రావాలె, రేపొస్త అన్నవు. ఆ తెల్లారి గూడ గిట్లనే బంద్, బస్సుల్లేవు. నాయిన నీ కోసం తలుపు దిక్కే చూసుకుంట పానం ఇడిసిండు.

నెల దినాలాయె నువ్వు నాతోని మాట్లాడక. అన్నం గిన్నెల ఉన్నది, తిను.

అమ్మ

ఇంకో మాట బిడ్డా, నువ్వు గోడ దిక్కు తిప్పిపెట్టిన అద్దం మళ్ల ఇటు తిప్పిన. నీ నొసలు, నీ ముక్కు మీ నాయినవే. ఆయన్ను చూసుకుందామంటే నాకు నీ ముఖమే మిగిలింది.