కుమ్మరింటి అమ్మవారు

నాంచారమ్మా,

అమ్మవారి గుడి శాసనాన్ని పంచాయితీలో చదివి వినిపిస్తానని నీకు మాటిచ్చాను, చదవలేదు. అక్కడి పూజ మీ కుమ్మరింటి హక్కని ఆ రాతిమీద ఉన్నట్టు నందిగామ తాలూకాలో నాకొక్కడికే తెలుసు. "మా మేష్టారు చెబుతారులెండి," అని పెద్దలతో ధీమాగా అన్నావు. మర్నాటి నుంచి నిన్ను గుడి గడప తొక్కనివ్వలేదు. ఆ బెంగతోనే పోయావు.

నిన్న కొత్త గుడికి ప్రతిష్ఠ చేశారు. నీ కొత్తకుండ బదులు స్టీలు గిన్నెలో నైవేద్యం పెట్టారు. శాసనం రాయిని బోర్లించి మెట్టు చేశారు. "పూజారమ్మ ఏదండీ?" అని జగ్గయ్యపేట నుంచి వచ్చిన ముసలామె నన్నే అడిగింది.

ఆరోజు చదవడానికి లేచాను, నాంచారమ్మా. "కూర్చోరా, మనకెందుకు?" అని నా చొక్కా పట్టుకు లాగిన మనిషిని ఇప్పటికీ క్షమించలేదు, మా అన్నయ్య రామబ్రహ్మాన్ని.