చెక్కల అవతలి పాఠం

జూన్ 9, ఆదివారం
మధ్యాహ్నం

చెల్లాయికి,

పెద్దక్క ఆశీస్సులు. పొద్దున ప్రార్థనలో మీ నలుగురినీ తలుచుకున్నాను. మరిది నడుంనొప్పిని విడిగా తలుచుకున్నాను. ఇక్కడ నేను కులాసా.

నీ ఉత్తరం అందింది. నేను రిటైరైన రోజునే నాకోసం గదికి రంగు వేయించానని, కిటికీకి లేతపచ్చ తెర కుట్టానని, నెలాఖరుకల్లా వచ్చేయమని రాశావు. చివర్లో ఎప్పటి మాటే మళ్లీ రాశావు: ఆనాడు నువ్వు పై ఊళ్లో హెడ్మిస్ట్రెస్ పదవి కాదనుకుని నా దగ్గర ఉండిపోకపోతే నా చదువు సాగేదా అక్కా అని. నాలుగు రోజులుగా ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. జవాబు చెప్పేముందు గ్రంథంగారి సంగతి చెప్పాలి.

గ్రంథంగారంటే మా బళ్లో చరిత్ర చెప్పిన టీచరు. నువ్వు ఒక్కసారి చూశావు. నాకు గొడుగు ఇవ్వడానికి బడికి వచ్చిన రోజున, ఏం చదువుతున్నావమ్మా అని ఆవిడ అడిగితే, గొడుగు నా చేతిలో పెట్టి వానలోనే పరుగెత్తావు.

ఆ పేరు పిల్లలు పెట్టింది. చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఎక్కడెక్కడి పండితులో ఆవిడకు ఉత్తరాలు రాసేవారు. కవరు మీద డాక్టర్ అని ఉండేది. ఏ డాక్టరేటూ లేదు, వాళ్లే అలా అనుకునేవారు. అది చూసి మా అటెండరు తన మోకాలి నొప్పి చెప్పుకున్నాడు. ఆవిడ శ్రద్ధగా విని, రోజుకు నాలుగుసార్లు నాకు టీ తేవడం మానెయ్ నాయనా, రెండు చాలు, అదే తగ్గుతుంది అన్నారట. నెల తిరక్కుండా తగ్గిందని అందరికీ చెప్పుకున్నాడు.

మా రెండు క్లాసులూ నిజానికి ఒకే పెద్ద హాలు. మధ్యలో చెక్కల అడ్డుగోడ. ఇవతల నా లెక్కలు, అవతల ఆవిడ చరిత్ర, పందొమ్మిదేళ్లు. చెక్కమీద ఒకసారి టక్‌మంటే, లెక్కలమ్మా, మీ కోతులు గోల చేస్తున్నాయి అని. రెండుసార్లయితే, ఏం ఫరవాలేదు, కానివ్వండి అని. సుద్దముక్క అయిపోతే అడుగు సందులోంచి ఒకరికొకరం దొర్లించుకునేవాళ్లం.

ఆ సందుల్లోంచే పాఠమూ వచ్చేది. పడవల పాఠం నాకు ఇష్టం. పూర్వం సరుకు పడవలు ఒక గాలికి వచ్చేవట. తిరిగి వెళ్లాలంటే గాలి మారాలి. అందాకా నెలల తరబడి రేవులోనే. ఆ నెలల్లో నావికులు పరాయి భాష నేర్చుకున్నారు, పరాయి పిల్లలకు బొమ్మలు చెక్కి ఇచ్చారు. గాలి మారినా కొందరు వెళ్లలేదు. ఆవిడ చెబుతుంటే మధ్యాహ్నపు వెలుగులో సుద్దపొడి మెల్లగా తేలుతూ ఉండేది. నా బల్ల కూడా నీళ్లమీద ఉన్నట్టు కాస్త ఊగినట్టనిపించేది. ఆ పీరియడ్‌లో నా పిల్లలకు ఏడంకెల సంఖ్యను మూడంకెలతో భాగించమని ఇచ్చేదాన్ని. తలెత్తడానికి వీల్లేని లెక్కలు. భాగహారంలో మీ బడిని మించింది లేదని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నారు.

అవతలి పిల్లలకు మాత్రం ఒక ఫిర్యాదు. గ్రంథం టీచరు మా మొహాలే చూడరండీ, పాఠం చెక్కలకు చెబుతారు, పరీక్ష కూడా చెక్కలనే రాయమనండి అనేవారు. చదువుకున్నవాళ్ల పరధ్యానం అనుకున్నాను.

ఆరేళ్ల కిందట ఆవిడ రిటైరయ్యారు. మొన్న చలికాలంలో గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది, మాట పోయింది. చూడడానికి వెళితే మేనకోడలు గుమ్మంలోనే చెప్పింది. కాగితం, కలం చేతికిచ్చామండీ, ఒక్క అక్షరం రాయదు అత్త, గోడవైపు తిరిగి కూర్చుంటుంది, రెండు ముద్దలు కూడా తినదు, ఇలాగైతే కష్టమంటున్నారు డాక్టరు అని.

వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు మాటలు తక్కువని నీకు తెలుసు. ఏం మాట్లాడాలో చెప్పమని మనసులో దేవుణ్ని అడిగాను. నోటికి వచ్చింది పడవల పాఠం. అదే మొదలుపెట్టాను. నాలుగో వాక్యంలో కుర్చీ చేతిమీద టక్‌మని ఒకసారి వినబడింది. గాలి దిక్కు తప్పు చెప్పానట. సరిచేశాను. టక్ టక్. కానివ్వండి అని.

అప్పటినుంచి బడి వదలగానే, ఇప్పుడు బడి లేకపోయినా, నాలుగింటికి వెళుతున్నాను. నలభై ఒక్క పాఠాలయ్యాయి. కళ్లు మూసుకుని వింటారు. ఒక్కోసారి ఆ గదిలో చెబుతున్నది నేనా ఆవిడా అని నాకే తెలియదు. నా తప్పులు ఎర్ర సిరాతో రాసి చూపిస్తున్నారు. కడుపునిండా తింటోందండీ అంటోంది మేనకోడలు. పోయిన సోమవారం పెన్షను కాగితాల పనిమీద తిరిగి, వెళ్లలేకపోయాను. ఆ రోజు కుర్చీ మళ్లీ గోడవైపు తిరిగిందట. పెట్టిన కంచం పెట్టినట్టే ఉందట.

అందుకని ఉండిపోవడానికి రాలేను చెల్లాయీ. పచ్చ తెర విప్పకు. ఆవిడ నాలుగు రోజులు సెలవు మంజూరు చేస్తే చూసిపోవడానికి వస్తాను.

పిల్లలకు ముద్దులు. బరువులెత్తవద్దని మరిదికి నా మాటగా చెప్పు.

నీ మేలు కోరే
పెద్దక్క

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీ వాక్యానికి జవాబు ఇంకా రాయలేదు.

పదవి వదులుకున్నది నీకోసం కాదు. హాస్టల్లో ఉండి చదువుకుంటానని నువ్వే అన్నావు, నీ చదువు సాగేది. చేరేముందు ఆ కొత్త బడి చూసి వచ్చాను. గదిగదికీ మందపాటి ఇటుక గోడలు. ఎవరూ లేనప్పుడు ఒక గోడకు చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. ఆ సాయంత్రమే రానని రాసిచ్చాను. కారణం అడిగితే చెల్లెలి చదువు అన్నాను. ఆ మాట నాకంటే ముందు ఇల్లు చేరింది. అందరూ త్యాగం అన్నారు. నాకు బాగానే నప్పింది, ఇరవై ఏళ్లు ఉంచేసుకున్నాను. రోజూ ప్రార్థనలో నా తప్పులు ఒప్పుకునేటప్పుడు ఆ ఒక్కటి దాటేసేదాన్ని. నువ్వు ఇన్నాళ్లూ మోసింది నా అబద్ధాన్ని. ఇక దించెయ్. దించాక కూడా నేను రావాలనిపిస్తే, అప్పుడు పిలువు.

నిన్న ఇదంతా గ్రంథంగారికి చెప్పేశాను. ఆవిడ నోట్సు తీసుకుని రాశారు. తెలుసు లెక్కలమ్మా, ఏ లెక్కల క్లాసూ అంత నిశ్శబ్దంగా ఉండదు, అందుకే చెక్కలవైపు తిరిగి చెప్పేదాన్ని అని.

రాసి, కుర్చీ చేతిమీద రెండుసార్లు కొట్టారు.